ప్రశంసాపత్రం నుండి జీవిత కథ వరకు: ఒక సేనాని గురించి రాసిన నా అనుభవం

తిరుపతికి చెందిన మేజర్ జనరల్ సి. వేణుగోపాల్ గారి సైనిక జీవితాన్ని డిగ్రీ విద్యార్థులకు తెలుగులో పరిచయం చేసే వ్యాసం రాయవలసిన బాధ్యత 2021లో నాకు వచ్చింది. నేను ఈ ఊరిలోనే ఒక కళాశాలలో చరిత్ర బోధిస్తాను. పాకిస్తాన్‌తో 1971లో జరిగిన యుద్ధంలో మన విజయానికి యాభై ఏళ్ళు నిండుతున్న సందర్భంగా 2020 డిసెంబరు 16న ఢిల్లీలోని జాతీయ యుద్ధ స్మారకం వద్ద వెలిగించిన విజయ జ్వాలలు దేశం నాలుగు దిక్కులకూ బయలుదేరాయి. వాటిలో దక్షిణానికి వచ్చిన జ్వాల 2021 ఫిబ్రవరిలో తిరుపతి చేరింది. ఆ సందర్భంలో అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్మోహన్ రెడ్డి ఫిబ్రవరి 18న వేణుగోపాల్ గారి ఇంటికి వెళ్ళి ఆయనను సత్కరించారు. యుద్ధ పరాక్రమానికి ఇచ్చే మహావీర చక్ర అందుకొన్న సేనాని తమ ఊరిలోనే నివసిస్తున్నారన్న సంగతి మా విద్యార్థుల్లో చాలామందికి ఆ వార్త చదివేదాకా తెలియదు. ఆయన యుద్ధంలో ఏమి చేశారో చెప్పమని వారు అడిగినప్పుడు, నాలుగు మాటల్లో చెప్పి ఊరుకోవడం న్యాయం కాదనిపించి, ఆ యుద్ధ విజయాన్ని స్మరిస్తూ డిసెంబరు 16న జరిగే విజయ దివస్ నాటికి ఒక సరైన రచన చేసి ఇస్తానని మాట ఇచ్చాను.

వృద్ధాప్యంలో ఉన్న పెద్దమనిషిని ప్రశ్నలతో శ్రమపెట్టడం నాకు సమ్మతం కాలేదు. పైగా అది కరోనా రోజుల సంగతి. అందుచేత ప్రభుత్వం ప్రకటించిన పత్రాలు, యుద్ధ చరిత్రలు, పటాలు, వీటి మీదనే ఆధారపడాలని, వాటిలో లేని మాట ఒక్కటి కూడా ఆయన నోట పెట్టకూడదని మొదటే నియమం పెట్టుకొన్నాను. మన పత్రికల్లో వీరుల గురించి వచ్చే వ్యాసాలలో కల్పిత సంభాషణలు ఎక్కువ. చదివేవారికి అవి ఉద్వేగం కలిగిస్తాయనడంలో సందేహం లేదు గాని, బతికి ఉన్న మనిషి అనని మాటను అన్నట్టు రాయడం ఆయన పట్ల అగౌరవమని నా దృఢమైన అభిప్రాయం.

ఎవరైనా ఇటువంటి పని మొదలుపెట్టవలసింది ప్రశంసాపత్రం దగ్గర. శౌర్య పురస్కారం ప్రకటించినప్పుడు, ఏ పనికి ఆ పురస్కారం ఇస్తున్నారో చెప్పే కొద్ది వాక్యాలు భారత ప్రభుత్వ గెజెట్‌లో వెలువడతాయి. రక్షణ మంత్రిత్వ శాఖ నిర్వహించే శౌర్య పురస్కారాల వెబ్‌సైటులో అవి ఇప్పుడు అందరికీ అందుబాటులో ఉన్నాయి. అక్కడి జాబితాలో ఆయన పేరు లెఫ్టినెంట్ కల్నల్ చిత్తూరు వేణుగోపాల్ అని ఉంటుంది. అప్పటి తూర్పు పాకిస్తాన్, అంటే నేటి బంగ్లాదేశ్‌లోని ఉథలీ, దర్శన అనే చోట్ల శత్రువు పటిష్ఠంగా నిర్మించుకొన్న రక్షణ స్థావరాలను ఆయన నాయకత్వంలోని గూర్ఖా బెటాలియన్ జయించిందని, ఆ తర్వాత శత్రువుకు ఊపిరి పీల్చుకొనే వ్యవధి ఇవ్వకుండా వెంటాడి ఝెనైదా అనే ఊరి పతనానికి తోడ్పడిందని దాని సారాంశం. చదవడానికి రెండు నిమిషాలు పట్టదు. ఆ కొద్ది వాక్యాల వెనుక ఎంత ఉన్నదో తెలుసుకోవడానికే నాకు ఆ సంవత్సరంలో ఎక్కువ భాగం పట్టింది.

మొదటి చిక్కు బెటాలియన్ ఏదన్నది. ఆనాటి ప్రశంసాపత్రాలలో రెజిమెంటు పేరు చెప్పి, బెటాలియన్ సంఖ్య చెప్పకుండా వదిలేయడం పరిపాటి. అందువల్ల ఆ పత్రాన్ని ఒక చేతిలోను, యుద్ధ చరిత్రలో ఏ బ్రిగేడ్ కింద ఏ బెటాలియన్ ఉన్నదో చెప్పే పుటలను మరొక చేతిలోను పెట్టుకొని చూడవలసి వచ్చింది. ఆయన నడిపినది 1 గూర్ఖా రైఫిల్స్ రెజిమెంటులోని ఐదవ బెటాలియన్. అది మేజర్ జనరల్ ఎం.ఎస్. బరార్ నేతృత్వంలోని 4వ పర్వత డివిజన్‌తో కలిసి పోరాడింది. ఆ డివిజన్ లెఫ్టినెంట్ జనరల్ టి.ఎన్. రైనా ఆధ్వర్యంలోని 2వ కోర్‌లో భాగం. కొన్ని బెటాలియన్లు కలిస్తే బ్రిగేడ్, బ్రిగేడ్లు కలిస్తే డివిజన్, డివిజన్లు కలిస్తే కోర్. సైనిక చరిత్రతో పరిచయం లేనివారికి ఈ మెట్ల వరుస విసుగు కలిగించవచ్చు. అయినా ఒక బెటాలియన్ కమాండర్ చేతిలో ఏమి ఉంటుంది, ఏమి ఉండదు అన్నది ఈ వరుస తెలిస్తేనే అర్థమవుతుంది. ఎక్కడికి వెళ్ళాలో పైవారు నిర్ణయిస్తారు. అక్కడికి ఎలా చేరాలి, ఎంత త్వరగా చేరాలి, చేరేసరికి తన మనుషులు పోరాడగల స్థితిలో ఉండాలంటే ఏమి చేయాలి అన్నవి మాత్రం ఆయన భుజాల మీద ఉంటాయి.

తర్వాత పటం ముందు కూర్చున్నాను. దర్శన మన పశ్చిమ బెంగాల్‌లోని నదియా జిల్లా సరిహద్దుకు ఆనుకొని ఉన్న ఊరు. ఇవతలి వైపు గేదే రైల్వే స్టేషన్, అవతలి వైపు దర్శన. అది చక్కెర మిల్లు ఉన్న ఊరు, చుట్టూ చెరకు పండే నేల. ఈ ఒక్క వివరం మా విద్యార్థులకు ఎంతో ఉపయోగపడింది. చిత్తూరు జిల్లాలో చెరకు తోటల మధ్య పెరిగిన పిల్లలకు, నిలువెత్తు పైరు మధ్య నడిచే మనిషికి పది గజాల అవతల ఏమున్నదో కనబడదన్న సంగతి వేరే చెప్పనవసరం లేదు. అటువంటి చోట బంకర్లు కట్టి, మందుపాతరలు పరచి, మెషిన్ గన్లు సిద్ధంగా పెట్టుకొని కూర్చున్న శత్రువు మీదికి వెళ్ళడం ఎలా ఉంటుందో వారు తమ పొలాన్ని తలచుకొనే ఊహించుకోగలిగారు.

పాత పటాలలోను, ఆంగ్ల గ్రంథాలలోను ఝెనిడా అని, ఇప్పటి బంగ్లాదేశ్ పటాలలో ఝెనైదా అని ఉన్న ఊరు ఒక్కటేనని నిర్ధారించుకొన్నాక దూరం కొలిచాను. దర్శన నుండి ఝెనైదాకు నేరుగా కొలిస్తే నలభై కిలోమీటర్లలోపే, అంటే ఇంచుమించు తిరుపతి నుండి శ్రీకాళహస్తికి ఉన్నంత దూరం. మనం బస్సులో గంటలో పోయి వాయులింగేశ్వరుని దర్శనం చేసుకొని వచ్చే దూరమే అది. డిసెంబరు 3 సాయంత్రం పాకిస్తాన్ వైమానిక దళం మన పశ్చిమ ప్రాంత విమానాశ్రయాల మీద దాడి చేయడంతో పూర్తి యుద్ధం మొదలైంది. 4వ తేదీన దర్శన మన వశమైంది. 7వ తేదీన ఝెనైదా మన చేతికి వచ్చింది. మధ్యలో నీటిగుంటలు, తడి పొలాలు, రైలు కట్టలు, ట్రక్కులు సరిగా పోలేని మట్టి దారులు.

మూడు రోజుల్లో అంత దూరం పోవడంలో గొప్ప ఏమిటని అడిగిన విద్యార్థి ఒకరున్నారు. ఆ ప్రశ్నకు నా పుస్తకాలలో జవాబు దొరకలేదు. చంద్రగిరి వైపు ఒక పల్లెలో ఉంటున్న ఒక విశ్రాంత సుబేదారు గారి దగ్గర దొరికింది. మా విద్యార్థిని ఒకరికి ఆయన తాతగారు. అదే యుద్ధంలో పశ్చిమ సరిహద్దున వేరే రెజిమెంటులో పోరాడారు. మనుమరాలు నన్ను వెంటబెట్టుకొని వెళ్ళి, "తాతా, మా సార్‌కి నైట్ అటాక్ ఎట్ల జేస్తారో జెప్పు" అనగానే, ఆ పెద్దాయన అరుగు మీద చాపకు అటూ ఇటూ చెంబులు, గ్లాసులు పెట్టి కంపెనీలను చూపించారు. దాడి మొదలయ్యే గీత ఏది, ముందు పోయే కంపెనీ వెనుక రెండవది ఎంత దూరంలో ఉంటుంది, సీఓ, అంటే బెటాలియన్ కమాండర్, ఎక్కడ ఉంటాడు, ఫిరంగుల కాల్పులు ఎప్పుడు ఆపమనాలి అన్నవన్నీ అక్కడే నేర్చుకొన్నాను. చివరికి ఆయన అన్న మాటలను అప్పుడే అనుమతి తీసుకొని రాసుకొన్నాను.

"రాత్రి దాడిలో సీఓ సాబ్ ముందర పరిగెత్తేది పెద్ద సంగతి గాదు సార్. వైర్‌లెస్‌లో ఆయన గొంతు వణక్కుండా ఇనబడాల. కింద కంపెనీ కమాండర్‌కి అదే బలం. ఇంకోటి జెప్తా ఇనండి. గెల్సినాక ఉండాదే, అది ఇంకా కష్టం. రెండు రాత్రుల్నించి నిద్ర లేకండా ఉంటారు మావోళ్ళు. పోస్టు దొరికింది గదా అని ట్రెంచిలో కూసున్నారంటే మళ్ళా లెయ్యలేరు. ఆ టయంలో లేపి, ఇంకా నడవండి రా అని నడిపిచ్చేటోడే కమాండరు."

ఆ మాటలు విన్న తర్వాత ఇంటికి వచ్చి ప్రశంసాపత్రాన్ని మళ్ళీ చదివితే, అందులోని బరువంతా రెండవ సగంలో, అంటే వెంటాడిన భాగంలో ఉన్నట్టు నాకు స్పష్టంగా కనిపించింది. గెలిచిన చోట ఆగి, గాయపడినవారిని వెనక్కు పంపి, చనిపోయిన తన సైనికులను చూసుకొని, మందుగుండు తెప్పించుకొని, మిగిలినవారికి ఒక రాత్రి నిద్ర ఇవ్వాలని ఏ నాయకునికైనా ఉంటుంది. అది తప్పు కూడా కాదు. అయితే అవతల ఓడిన సేనకు కూడా అదే రాత్రి దొరుకుతుంది. వారు మరొక వాగు వెనుక, మరొక రైలు కట్ట వెనుక కొత్త బంకర్లు తవ్వుకొంటారు. మరునాడు వాటిని జయించడానికి తన మనుషులలోనే మరికొందరు ప్రాణాలు ఇవ్వవలసి వస్తుంది. ఈ లెక్క తెలిసి, తన సైనికుల అలసటను కళ్ళారా చూస్తూ, వారిని మళ్ళీ లేపి నడిపించడానికి కావలసిన ధైర్యం తుపాకి గుండుకు ఎదురు నిలిచే ధైర్యం కంటే తక్కువది కాదు. నా రచన మొత్తానికి ఇదే ప్రాణం కావాలని ఆ రోజే నిశ్చయించుకొన్నాను.

యుద్ధ చరిత్ర ఈ అభిప్రాయానికి గట్టి ఆధారం ఇచ్చింది. ఆ ప్రాంతంలో పాకిస్తాన్ తరఫున మేజర్ జనరల్ ఎం.హెచ్. అన్సారీ నేతృత్వంలోని 9వ డివిజన్ ఉండేది. దాని 107వ బ్రిగేడ్ జెస్సోర్ వైపు, 57వ బ్రిగేడ్ దర్శన, మెహెర్‌పూర్ వైపు కాపు కాశాయి. ఝెనైదా జెస్సోర్ నుండి కుష్టియాకు, తూర్పున మాగురా మీదుగా ఫరీద్‌పూర్‌కు పోయే దారుల కూడలి. అది అంత త్వరగా మన చేతికి రావడంతో 57వ బ్రిగేడ్ తూర్పునకు మళ్ళి మధుమతి నది వెనుక తమ మిగిలిన సేనతో కలిసే దారి మూసుకుపోయింది. ఉత్తరాన కుష్టియా వైపు పోయి, హార్డింజ్ వంతెన మీదుగా పద్మా నది దాటడం తప్ప దానికి గతి లేకపోయింది. ఝెనైదా చేతికి వచ్చిన 7వ తేదీనే జెస్సోర్ కూడా మన వశమైంది. డిసెంబరు 16న ఢాకా రేసుకోర్సు మైదానంలో జరిగిన లొంగుబాటులో లెఫ్టినెంట్ జనరల్ జగ్జీత్ సింగ్ అరోరా ఎదుట పాకిస్తాన్ సేనలు ఆయుధాలు అప్పగించాయి. యుద్ధ ఖైదీల సంఖ్య దాదాపు 93 వేలు. పదమూడు రోజుల్లో బంగ్లాదేశ్ అనే ఒక దేశం పుట్టింది. ఇటువంటి కూడళ్ళు ఒక్కొక్కటిగా, వేళకు ముందే చేతికి రావడం వల్లనే ఆ వేగం సాధ్యమైంది.

పతకాల గురించి రాసేటప్పుడు కొంత జాగ్రత్త అవసరమైంది. ఆయన పేరు పక్కన పరమ విశిష్ట సేవా పతకం, మహావీర చక్ర అన్న వరుస కనిపిస్తుంది. యుద్ధభూమిలో వచ్చిన మహావీర చక్ర తర్వాత ఎందుకు రాస్తారని పిల్లలు అడుగుతారని ముందే తెలుసు. భారత ప్రభుత్వం నిర్ణయించిన ప్రాధాన్య క్రమంలో పరమ విశిష్ట సేవా పతకం మహావీర చక్ర కంటే ఒక మెట్టు ముందు ఉంటుంది. మొదటిది అత్యుత్తమ స్థాయి విశిష్ట సేవకు, రెండవది శత్రువు ఎదుట చూపిన పరాక్రమానికి. మహావీర చక్రను పరమవీర చక్ర, వీర చక్రలతో పాటు 1950 జనవరి 26న నెలకొల్పి, 1947 ఆగస్టు 15 నుండి అమలులోకి వచ్చినట్టు ప్రకటించారు. యుద్ధకాల పరాక్రమానికి ఇచ్చే వాటిలో అది పరమవీర చక్ర తర్వాతి స్థానంలో ఉంటుంది. వెండితో చేసిన గుండ్రని పతకం, దాని మీద ఐదు కోణాల నక్షత్రం, నక్షత్రం నడుమ బంగారు పూతతో రాజముద్ర, సగం తెలుపు సగం కాషాయం రంగుల రిబ్బను. దీనికంటే ఎక్కువ వర్ణన అవసరం లేదనిపించింది.

నాకు అన్నిటికంటే ఎక్కువ ఆనందం కలిగించిన భాగం గూర్ఖాల గురించి చదవడం. 1 గూర్ఖా రైఫిల్స్ 1815లో పుట్టిన రెజిమెంటు. దాని కేంద్రం హిమాచల్ ప్రదేశ్‌లోని సుబాతూలో ఉంది. 1947లో స్వాతంత్ర్యం వచ్చినప్పుడు పది గూర్ఖా రెజిమెంట్లలో ఆరు భారత సైన్యంలో నిలిచాయి, నాలుగు బ్రిటిష్ సైన్యానికి వెళ్ళాయి. ఈ రెజిమెంటు మనకు దక్కిన ఆరింటిలో ఒకటి. 1961 డిసెంబరులో కాంగోలో ఐక్యరాజ్యసమితి తరఫున పోరాడి ప్రాణాలు అర్పించి పరమవీర చక్ర పొందిన కెప్టెన్ గురుబచన్ సింగ్ సలారియా ఈ రెజిమెంటు మూడవ బెటాలియన్‌కు చెందినవారే. గూర్ఖా రెజిమెంటులో చేరే అధికారి సైనికులతో వారి గూర్ఖాలీ భాషలోనే మాట్లాడడం నేర్చుకోవాలి. వారి పండుగలలో పాలుపంచుకోవాలి, వారి ఇళ్ళ కష్టసుఖాలు తెలుసుకోవాలి. ఏడుకొండల పాదాల దగ్గరి తెలుగు మనిషి, హిమాలయాల పల్లెల నుండి వచ్చిన వందల మంది యువకులకు నాయకుడై, "జై మహాకాళీ, ఆయో గూర్ఖాలీ" అన్న వారి రణనినాదం మధ్య దర్శన పొలాలలో నడిచారన్న విషయం రాస్తున్నప్పుడు, ఈ దేశం మీద నాకున్న ప్రేమ ఇంకొంచెం పెరిగిందని చెప్పడానికి సంకోచించను.

మేజర్ జనరల్ వరకు సాగిన ఉద్యోగంలో ఈ యుద్ధం కొన్ని రోజులు మాత్రమే. మిగిలిన దశాబ్దాలు శిక్షణ, సరిహద్దు కాపలా, బదిలీలు, పై ర్యాంకులకు జరిగే ఎంపిక బోర్డులు, ఫైళ్ళు, పరిశీలనలు. ఈ భాగాన్ని క్లుప్తంగానే రాశాను. అయితే సెకండ్ లెఫ్టినెంట్ నుండి మేజర్ జనరల్ వరకు ఒక్కొక్క ర్యాంకులో ఎంతమంది మనుషుల బాధ్యత ఉంటుందో ఒక బొమ్మ గీసి చేర్చాను. బెటాలియన్ అంటే సుమారు ఎనిమిది వందల మంది, బ్రిగేడ్ అంటే సాధారణంగా మూడు బెటాలియన్లు. 1971లో బెటాలియన్‌కు కమాండర్ లెఫ్టినెంట్ కల్నల్ కాగా, ఇప్పుడు కల్నల్ ఉంటారన్న తేడా కూడా అందులో చూపించాను.

నవంబరు మూడవ వారంలో తిరుపతిని ముంచెత్తిన వానల వల్ల పని కొన్నాళ్ళు ఆగింది. మళ్ళీ మొదలుపెట్టి చివరి ప్రతి సిద్ధం చేస్తుండగా, డిసెంబరు 8న కూనూరు దగ్గర హెలికాప్టర్ కూలి త్రివిధ దళాధిపతి జనరల్ బిపిన్ రావత్, ఆయన సతీమణి, వారితో ప్రయాణిస్తున్నవారిలో పదకొండు మంది మరణించిన వార్త వచ్చింది. జనరల్ రావత్ కూడా గూర్ఖా అధికారే, 11 గూర్ఖా రైఫిల్స్‌కు చెందినవారు. ఆయన రక్షణ సిబ్బందిలో ఉండి అదే ప్రమాదంలో ప్రాణాలు కోల్పోయిన లాన్స్ నాయక్ సాయితేజ, అప్పటి మన చిత్తూరు జిల్లా కురబలకోట మండలం వాడు. ఆ వారం జిల్లా అంతటా ఆ కుర్రవాని గురించే మాట్లాడుకొన్నారు. వ్యాసంలో ఆయనకు చోటు ఇవ్వడం ప్రస్తుతాంశానికి దూరం పోవడమవుతుందా అని ఆలోచించి, చివరికి మొదటి పుటలోనే రెండు వాక్యాలు చేర్చాను. జనరల్ అయినా లాన్స్ నాయక్ అయినా ఈ నేల మీద పుట్టి సైన్యంలోకి వెళ్ళినవారి గురించి మన పిల్లలు తెలుగులో చదవగలగాలన్నది నా కోరిక.

డిసెంబరు 16న ఆ నాలుగు పుటలను ఎన్‌సీసీ విద్యార్థుల సమక్షంలో చదివాము. గోడకు పటం కట్టి, దర్శన దగ్గర ఒక గుండుసూది, ఝెనైదా దగ్గర ఒక గుండుసూది గుచ్చి, మధ్యలో దారం లాగాము. సుబేదారు గారు మనుమరాలితో కలిసి వచ్చి ముందు వరుసలో కూర్చొన్నారు, నిద్ర గురించి తాను అన్న మాటలు చదువుతున్నప్పుడు అవునన్నట్టు తల ఊపారు. చదవడం అయ్యాక ఒక విద్యార్థిని లేచి, కమాండర్ గురించి ఇంత రాశారు, ఆయన లేపితే లేచి నడిచిన గూర్ఖా సైనికుల గురించి ఇంకొంచెం ఎందుకు రాయలేదని అడిగింది. ఆ ప్రశ్న నాకు ఎంతో నచ్చింది. జాతీయ యుద్ధ స్మారకంలోని త్యాగ చక్రం గోడల మీద స్వాతంత్ర్యం తర్వాత ప్రాణాలర్పించిన సైనికుల పేర్లు రాతి పలకలపై చెక్కి ఉన్నాయి. 1971 డిసెంబరులో అమరులైన 1 గూర్ఖా రైఫిల్స్ సైనికుల పేర్లను సేకరించి తెలుగు లిపిలో రాసే పనిని తర్వాతి తరగతి వారికి అప్పగించాను. అవి సిద్ధమైనకొద్దీ ఐదవ పుటగా చేరుస్తున్నాము.